కాగితాలన్నీ ఉన్నా ఇల్లు కట్టుకోలేని ప్లాటు

హైదరాబాద్‌కు ఉత్తరాన, ఔటర్ రింగ్ రోడ్డు దాటిన కాస్త దూరంలోని ఒక ఊళ్లో 2019లో రెండు వందల గజాల ప్లాటు కొన్న ఉపాధ్యాయురాలు ఈ ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ప్లాటు చూపించింది ఆమె పెద్ద ఆడపడుచు భర్త. ఆయన ఉద్యోగం చేసుకుంటూనే ఖాళీ సమయంలో వెంచర్లకు కొనే పార్టీలను తీసుకెళ్తుంటారు. గజం తొమ్మిది వేల చొప్పున పద్దెనిమిది లక్షలు పెట్టారు. అందులో కొంత ఈమె జీపీఎఫ్ డబ్బు, కొంత పుట్టింటివారు పెట్టిన బంగారం అమ్మిన డబ్బు. నాలా ఉత్తర్వు (సాగుభూమిని సాగేతర భూమిగా మార్చిన ఉత్తర్వు), పంచాయతీ కార్యదర్శి ముద్ర ఉన్న లేఅవుట్ నక్ష, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అన్నీ చూపించారు. రిజిస్ట్రేషన్ కూడా ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. 2020లో అందరితో పాటు వెయ్యి రూపాయలు కట్టి ఎల్ఆర్ఎస్‌కు, అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకానికి, దరఖాస్తు పెట్టారు. ఆ తర్వాత ఊరు మున్సిపాలిటీలో కలిసింది. అమ్మాయి ఇంటర్‌కు వచ్చేసరికి సొంతింట్లో ఉండాలనుకుని కదిలితే 2025లో జవాబు వచ్చింది: మాస్టర్‌ప్లాన్‌లో ఈ సర్వే నంబరు రిక్రియేషన్ జోన్‌లో ఉంది, దరఖాస్తు తిరస్కరించాం అని.

ఇప్పుడు ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. "అదే వెంచర్‌లో నాలుగిళ్లు లేచాయి, కరెంటు మీటర్లు వచ్చాయి, మనమూ కట్టేద్దాం" అంటారు భర్త. ఇరవై రెండు లక్షలకు పార్టీ ఉంది, ఎల్ఆర్ఎస్ సంగతి ఎత్తకపోతే చాలంటాడు ఒక ఏజెంటు. మాఘంలో ఆడపడుచుగారి అమ్మాయి పెళ్లి ఉంది, అంతవరకు ఈ మాటే ఎత్తవద్దంటారు అత్తగారు. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "మోసపోయిన దాన్నో, ఇప్పుడు ఇంకొకరిని మోసం చేయబోతున్న దాన్నో నాకే అర్థం కావడం లేదు. అసలు ఇన్ని కాగితాలుండీ ఇల్లెందుకు కట్టుకోకూడదు?"

అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతాను. దానికి సమాధానం దొరికితే మిగతావాటి గురించి మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడటం తేలికవుతుంది.

మీ దగ్గరున్న కాగితాల్లో దొంగ కాగితం ఒక్కటి కూడా ఉన్నట్టు నాకు కనిపించలేదు. కాకపోతే ఒక్కో కాగితం ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఈ స్థలం ఎవరిది అన్నదానికి సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు జవాబు. దీనిమీద అప్పులు, ఇతర లావాదేవీలు ఏమైనా రిజిస్టర్ అయ్యాయా అన్నదానికి ఈసీ జవాబు. రెవెన్యూ లెక్కల్లో ఇది ఇంకా సాగుభూమేనా, సాగేతర భూమిగా మారిందా అన్నదానికి 2006 నాటి చట్టం కింద ఇచ్చే నాలా ఉత్తర్వు జవాబు. ఇక్కడ ఇల్లు కట్టవచ్చా అనే ప్రశ్నకు వీటిలో ఏదీ జవాబు చెప్పదు. అది చెప్పేది ప్లానింగ్ శాఖ. మీ ప్రాంతానికి ఆ శాఖ అంటే హెచ్ఎండీఏ, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ. ఆ సంస్థ తయారుచేసిన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్, అంటే మీకొచ్చిన జవాబులో మాస్టర్‌ప్లాన్ అన్నది, 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. 2031 వరకు ఎక్కడ ఇళ్లు రావాలి, ఎక్కడ పరిశ్రమలు రావాలి, ఎక్కడ పొలాలు పొలాలుగానే ఉండాలి, ఎక్కడ పచ్చదనం కోసం ఖాళీగా వదిలేయాలి అన్నది అందులో రంగులు వేసి చూపించారు. మీ సర్వే నంబరు ఈ చివరి కోవలో పడింది. మీరు కొనడానికి ఆరేళ్ల ముందే అది జరిగిపోయింది.

నాలా ఉత్తర్వు రెవెన్యూ శాఖ ఇస్తుంది, జోన్ ప్లానింగ్ శాఖ నిర్ణయిస్తుంది. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది మారదు. సాధారణంగా ఇతర చట్టాల ప్రకారం తీసుకోవాల్సిన అనుమతులు విడిగా తీసుకోవాలనే షరతు నాలా ఉత్తర్వులోనే ఉంటుంది. మీ కాపీలో షరతుల పేజీ తీసి చదవండి. వెంచర్ ఆఫీసుల్లో ఆ పేజీని ఎవరూ తిప్పి చూపించరు. పంచాయతీ ముద్ర సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. హెచ్ఎండీఏ పరిధిలో లేఅవుట్ మంజూరు చేసే అధికారం గ్రామ పంచాయతీకి లేదు. జీపీ లేఅవుట్ అని జనం పిలిచేది నిజానికి ఒక నక్ష మీద వేసిన ముద్ర మాత్రమే. సక్రమమైన లేఅవుట్‌కు హెచ్ఎండీఏ ఇచ్చిన ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఉంటుంది. మీ బ్రోచర్ ఇంకా ఇంట్లో ఉంటే అందులో "హెచ్ఎండీఏ అప్రూవ్డ్" అని ఉందో, "హెచ్ఎండీఏ పరిధిలో" అని ఉందో చూడండి. రెండో మాట అబద్ధం కాదు, కానీ చదివేవాళ్లకు మొదటి మాటలాగే వినిపిస్తుంది. దాన్ని పారేయకండి, తర్వాత పనికొస్తుంది.

రిక్రియేషన్ జోన్ అంటే ఏమిటో, అది ఎందుకుందో కూడా కొంచెం వివరంగా చెబుతాను. మీ భర్తగారికి "ఆఫీసువాళ్లు ఊరికే రంగు పూశారు" అనిపిస్తోందని రాశారు కదా. అలా అనిపించడానికి కారణం లేకపోలేదు. రైతు పొలం మీద ఆకుపచ్చ రంగు వేసి నష్టపరిహారం ఇవ్వకుండా వదిలేయడం, పక్క పొలం యజమానికి పలుకుబడి ఉంటే ఆ రంగు మార్చించుకోవడం జనం చూస్తున్నారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ రంగు వెనక చాలాచోట్ల నీళ్ల లెక్క ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు పోవాలి. ఆ దారిలో, చెరువు ఒడ్డున వదలాల్సిన నేలను ప్లానులో ఇళ్లకు కాకుండా పార్కులకు, ఆటస్థలాలకు కేటాయిస్తారు. ఎండాకాలంలో చూస్తే అది మామూలు ఖాళీ నేలే, ప్లాట్లు చేసి అమ్మేది కూడా ఆ రోజుల్లోనే. 2020 అక్టోబరు వానల్లో చెరువుల కింద, వాననీటి కాలువల పక్కన లేచిన కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలవడం మనమంతా చూశాం. ఆ ఇళ్లలో మీలాగే అన్ని కాగితాలూ బీరువాలో పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

అందుకే ఏ దారి పట్టాలన్నది తేల్చుకోకముందు రెండు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోండి.

మొదటిది, హెచ్ఎండీఏ నుంచి భూ వినియోగ ధ్రువపత్రం. ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ అని అడిగితే అర్థమవుతుంది. గ్రామం, సర్వే నంబరు, ప్లాటు హద్దులు చూపే స్కెచ్ జతచేయండి. ఎల్ఆర్ఎస్ జవాబులో జోన్ పేరు ఉంది కదా, మళ్లీ ఎందుకని మీరు అడగవచ్చు. పెద్ద సర్వే నంబరులో ఒక ముక్క రెసిడెన్షియల్, ఒక ముక్క రిక్రియేషన్ అయిన సందర్భాలు చాలా ఉన్నాయి. తిరస్కరణ మొత్తం సర్వే నంబరును బట్టి వచ్చిందా, మీ ప్లాటు ఉన్న చోటును బట్టి వచ్చిందా అన్నది తేలాలి. రెండు వందల గజాలు ఆ గీతకు ఏ పక్కన పడతాయన్నదే మీకు పద్దెనిమిది లక్షల ప్రశ్న.

రెండోది చెరువు. దగ్గర్లో చెరువు గానీ కుంట గానీ ఉంటే దాని ఎఫ్‌టీఎల్, అంటే నిండుగా నీళ్లు నిలిచే గీత, ఎక్కడిదాకా వస్తుందో చూడండి. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో చెరువువారీగా నక్షలు పెట్టింది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఏ కట్టడమూ లేకుండా వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకు, కాలువకు 9 మీటర్లు, దానికంటే సన్నటిదానికి 2 మీటర్లు వదలాలి. మీ ప్లాటు ఈ గీతల లోపల ఉంటే కింద నేను రాస్తున్న దారుల్లో కొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. బయట ఉంటే కొంత ఆశ ఉంటుంది.

ఇక మీ భర్తగారు చెప్పిన దారి, అంటే కట్టేయడం. నలుగురు కట్టారన్నది నిజమే. కరెంటు మీటరు వస్తుంది, ఇంటి నంబరు కూడా రావచ్చు. అయితే మీటరు మీరు కరెంటు వాడుకుంటున్నారని చెబుతుంది, ఇంటి నంబరు మీనుంచి పన్ను వసూలు చేయడానికి. అనుమతి లేని కట్టడానికి పన్ను మీద జరిమానా కూడా వేస్తారు. పన్ను కట్టించుకున్నారు కాబట్టి ఇల్లు సక్రమమైపోయిందన్న వాదన నిలవదు. ఇక్కడ మీకు ఎదురుకాబోయే ఒక ఉచ్చు ముందే చెప్పాలి. ఇళ్ల అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వచ్చేస్తుంది. మీ రెండు వందల గజాలు దాదాపు 167 చదరపు మీటర్లు. కాబట్టి ఎవరో ఒకరు "నేను అప్‌లోడ్ చేసి పర్మిషన్ తెప్పిస్తా మేడమ్" అంటారు. నిజంగానే తెప్పిస్తారు కూడా. ఆ ఫారం మీద స్థలం నిబంధనలకు లోబడి ఉందని సంతకం పెట్టేది మాత్రం మీరు. తర్వాత తనిఖీలో అది తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. మీరు ప్రభుత్వ ఉద్యోగి. తెలిసి తప్పుడు ధ్రువీకరణ ఇచ్చారన్న మాట మీ సర్వీసు మీదకు రావడం వేరే సంగతి.

డబ్బు కోణం కూడా చూడండి. అనుమతి లేని ప్లాటు మీద బ్యాంకు ఇంటి రుణం ఇవ్వదు. అంటే చేతి అప్పులతో, ఎక్కువ వడ్డీకి కట్టాలి. ఇప్పుడు పద్దెనిమిది లక్షల దగ్గర ఆగి ఉన్న ఇబ్బంది నలభై, యాభై లక్షలకు పెరుగుతుంది. ఏమీ కాకపోవచ్చు కూడా. పదేళ్లు ఎవరూ అటు చూడకపోవచ్చు. 2024 జులైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల్లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఔటర్ లోపల చెరువుల దగ్గర ఏం జరుగుతోందో మీరు చూస్తూనే ఉన్నారు. మీ ప్లాటు ఔటర్ బయట ఉంది కాబట్టి ఇప్పటికి ఆ వేడి మీదాకా రాలేదు, అంతే. అమ్మాయి చదువు నడుస్తున్న ఈ నాలుగైదేళ్లలో అప్పు చేసి అలాంటి ఇంట్లో కూర్చోవడం నాకు మంచిగా అనిపించడం లేదు. మీ భర్తగారు అప్పు లేకుండా ఒక షెడ్డు వేసుకుందామంటే దాని నష్టం చిన్నది, కానీ అదీ అక్రమమే.

రెండో దారి, ఏజెంటు తెచ్చిన ఇరవై రెండు లక్షల పార్టీ. రిజిస్ట్రేషన్ ఆగుతుందేమోనన్న భయం మీకున్నట్టుంది. 2020 ఆగస్టులో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపినా, అదే సంవత్సరం డిసెంబరులో అంతకుముందే ఒకసారి రిజిస్టరైన ప్లాట్లకు వెసులుబాటు ఇచ్చారు. కాబట్టి కాగితం బహుశా నడుస్తుంది. అయితే ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవాళ్ల మీద ఒక బాధ్యత పెట్టింది. తనకు తెలిసి, కొనేవాడికి తెలియని, మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని లోపం ఉంటే అది చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ చట్టం మోసంగానే చూస్తుంది. మాస్టర్‌ప్లాన్ అందరికీ అందుబాటులో ఉంది కదా, కనిపెట్టలేకపోవడం ఏమిటని మీ వకీలు వాదించవచ్చు. కానీ మీ పేరు మీద, మీ ప్లాటు నంబరుతో వచ్చిన తిరస్కరణ పత్రం మీ చేతిలో ఉంది. దాన్ని దాచి అమ్మితే ఆ వాదన చాలా బలహీనపడుతుంది. చట్టం మాట పక్కన పెట్టినా, కొనేది మీలాగే జీపీఎఫ్ తీసి, బంగారం అమ్మి వచ్చే ఇంకో కుటుంబమే అవుతుంది. ఎక్కువ డబ్బున్నవాళ్లు వకీలును పెట్టుకుంటారు, నిజం వాళ్లకు ముందే తెలుస్తుంది. తెలియనివాళ్లే చిక్కుతారు. ఉత్తరం చివర మీరు రాసిన వాక్యాన్ని బట్టి ఈ దారి మీకు నిద్ర పట్టనివ్వదని నాకనిపిస్తోంది.

చెప్పి అమ్మడం మాత్రం వేరు. జోన్ సంగతి, తిరస్కరణ పత్రం సేల్ డీడ్‌లోనే రాయించి, తగ్గిన ధరకు ఇవ్వవచ్చు. ఎవరు కొంటారంటారా? పక్క ప్లాట్లు కొని కూడబెడుతున్నవాళ్లు, పదేళ్లు ఆగగలిగిన పెట్టుబడిదారులు, నర్సరీ పెట్టుకోవాలనుకునేవాళ్లు. ధర బాగా తగ్గుతుంది. పద్దెనిమిది లక్షలకు పన్నెండు వస్తే ఆరు లక్షలు పోయాయని బాధపడతారు. కానీ ఆ పన్నెండు మీ చేతికొస్తే, అవే ఒక చిన్న ఫ్లాటుకు అడ్వాన్సుగా మారతాయి. అమ్మాయి ఇంటర్ అయిపోయేలోపు సొంతింట్లో ఉండాలన్నదే మీకు ముఖ్యమైతే అన్నింటికంటే త్వరగా తేలేది ఇదే.

మూడోది, జోన్ మార్పించుకోవడం. భూ వినియోగ మార్పిడికి, అంటే సీఎల్‌యూకి, హెచ్ఎండీఏ చట్టంలో దారి ఉంది. దరఖాస్తు పెట్టాలి, హెచ్ఎండీఏ పరిశీలించాలి, ప్రభుత్వం అభ్యంతరాలు పిలుస్తూ ప్రకటన ఇవ్వాలి, ఛార్జీలు కట్టాక తుది జీవో రావాలి. రెండు వందల గజాల ఒక్క ప్లాటుకు ఇది కుదిరే పని కాదు. వెంచర్‌లో ప్లాట్లు కొన్నవాళ్లంతా కలిసి సంఘంగా వెళ్లాలి. అప్పుడు కూడా సాగుభూమి జోన్‌ను మార్చడం కంటే రిక్రియేషన్‌ను మార్చడం కష్టం. ప్లానులో పార్కుకు వదిలిన నేల ప్రజలందరిదీ అన్న దృష్టి న్యాయస్థానాలది. 1991లో బెంగళూరు కేసులో, పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఆసుపత్రికి ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. "సీఎల్‌యూ నేను చేయించిపెడతా, ప్లాటుకు లక్ష ఇవ్వండి" అని ఎవరైనా వస్తే, ఆ లక్ష తిరిగిరాదనుకోండి.

దీనికంటే తక్కువ ఖర్చుతో, ఎక్కువ అర్థవంతంగా జరిగేది ఇంకొకటి ఉంది. హెచ్ఎండీఏ ఇప్పుడు 2050 వరకు కొత్త మాస్టర్‌ప్లాన్ తయారుచేసే పనిలో ఉంది. ముసాయిదా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాల్సిందే. మీ నేల నిజంగా చెరువుకు దూరంగా ఉండి, పాత ప్లానులో పొరపాటున రంగు పడిందని చూపగలిగితే చెప్పుకోవాల్సిన చోటు అదే. సర్వే నంబరు, గ్రామ నక్ష, చెరువు గీత నుంచి ప్లాటుకు ఉన్న దూరం, ఇప్పటికే వచ్చిన రోడ్లు, ఇళ్ల వివరాలతో యాభై మంది ఒక్కటిగా ఇచ్చిన పత్రానికి ఒంటరి ఉత్తరానికి లేని బరువు ఉంటుంది. ముసాయిదా వచ్చాక మేలుకుంటే గడువు చాలదు, కాబట్టి ఆ కాగితాలు ఇప్పటినుంచే కూర్చుకోండి. దీనికి మాట ఇచ్చేవాళ్లెవరూ లేరు. ఎన్నేళ్లు పడుతుందో కూడా ఎవరూ చెప్పలేరు. డబ్బు అక్కడే ఇరుక్కున్నా ఇల్లు గడుస్తుందనుకుంటే ఈ దారిలో ఉండవచ్చు. ఈలోపు హద్దురాళ్లు పాతించి, ఏడాదికొకసారి ఈసీ తీయించుకోండి.

నాలుగో దారి, అమ్మినవాళ్ల దగ్గర డబ్బు రాబట్టుకోవడం. అందరూ వెనకాడేది ఇక్కడే. మీ ఉత్తరంలో అత్తగారి మాట వచ్చిందీ ఇక్కడే. మీరు కొన్న 2019 నాటికి రెరా చట్టం, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే చట్టం, అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన ఏ వెంచర్ అయినా రెరాలో నమోదు కాకుండా ప్లాట్లు అమ్మకూడదు. మీ వెంచర్‌కు రెరా నంబరు ఉన్నట్టు మీరెక్కడా రాయలేదు. లేకపోతే అది వెంచర్ వేసి అమ్మిన ప్రమోటర్ తప్పు, జరిమానా ప్రాజెక్టు అంచనా విలువలో పది శాతం దాకా ఉండవచ్చు. ప్రకటనలో, బ్రోచర్‌లో తప్పు చెప్పి డబ్బు తీసుకుంటే పూర్తి సొమ్ము వడ్డీతో వెనక్కి అడిగే హక్కును అదే చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. బ్రోచర్ దాచమన్నది ఇందుకే. వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. లేఅవుట్ వేసి, వసతులు కల్పిస్తామని ప్లాట్లు అమ్మడం సేవ కిందికే వస్తుందని 2012లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడ గడువు రెండేళ్లు, సివిల్ కోర్టులో మూడేళ్లు. ఆ గడువు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్నది వాదించుకోవాల్సిన విషయం. కొన్న రోజు నుంచని వాళ్లంటారు, మోసం బయటపడ్డ రోజు నుంచని మీరంటారు. మీ వాదనకు ఆధారం ఎల్ఆర్ఎస్ తిరస్కరణ మీదున్న తేదీ. ఆ తేదీని ఒకసారి చూసుకోండి, కాలం దానినుంచే గడుస్తోంది. గెలిచినా ప్రమోటర్ దగ్గర వసూలు చేయడానికి ఆస్తి ఉండాలి. వెంచర్ ముగియగానే పేరు మార్చేసిన సంస్థ అయితే చేతిలో తీర్పు ఉంటుంది గానీ డబ్బు ఉండదు. కాబట్టి ముందు ఆ సంస్థ ఇంకా వ్యాపారంలో ఉందో లేదో కనుక్కోండి.

పోలీసు ఫిర్యాదు కూడా ఒక దారే. కానీ అది పెడితే కమీషన్ తీసుకున్న ఏజెంట్ల పేర్లు వస్తాయి. అంటే మీ ఆడపడుచుగారి భర్త పేరు వస్తుంది. రెరాలో నమోదు కాని ఏజెంటుగా కూడా ఆయన మీద జరిమానా పడే వీలుంది. ఇది తెలిసే నిర్ణయించుకోవాలి.

ఆయన గురించి మీరు కోపంగా రాసిన పేజీలో మధ్యలో ఒక వాక్యం ఉంది: ఆయన కూడా అదే వెంచర్‌లో, మీకు మూడు ప్లాట్ల అవతల, తన కూతురి కోసం ఒకటి కొన్నారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. తెలిసి ముంచేవాడు తన కూతురి డబ్బు అక్కడ పెట్టడు. కమీషన్ తీసుకున్న మాట నిజం. పరిశీలించకుండా మీకు భరోసా ఇచ్చిన మాటా నిజం. ఆ బాధ్యత ఆయనదే, మీరు అది తేలిక చేసుకోనక్కర్లేదు. కానీ మిమ్మల్ని మోసం చేశాడనడానికీ, తనూ మోసపోయి మిమ్మల్నీ అందులోకి తెచ్చాడనడానికీ చాలా తేడా ఉంది. రెండోదే నిజమైతే ఆయనకు ఎదురుతిరగడం కంటే ఆయనతో కలిసి నడవడమే మీకు లాభం. వెంచర్‌లో ఎవరెవరు కొన్నారో, ప్రమోటర్ ఇప్పుడెక్కడున్నాడో, ఏ రోజు ఏం చెప్పి అమ్మారో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆయనకే. సంఘం పెట్టాలన్నా, రెరాలో సాక్ష్యం కావాలన్నా ఆయనే మీకు పెద్ద బలం.

బహుశా ఆయనకు కూడా తిరస్కరణ వచ్చే ఉంటుంది, బయటికి చెప్పుకోలేక ఊరుకున్నారేమో. మీ భర్తను వెంటబెట్టుకుని వెళ్లండి. ఈ మాట మీ నోటితో కాక ఆయన నోటితో రావాలి. బావ అని పిలిచే చనువు ఆయనది, మీరు మాట్లాడితే అది కోడలు పెట్టిన పేచీ అయిపోతుంది. "ఎందుకిలా చేశావు" అని కాకుండా, "మాకు ఈ కాగితం వచ్చింది బావా, నీకేమొచ్చింది?" అని మొదలుపెట్టమనండి. కమీషన్ మాట మొదటి రోజే ఎత్తవద్దు. ఆయన తీసుకున్న కమీషన్‌ను కోర్టు ఖర్చులకో, సంఘం ఖర్చులకో పెడతానని ఆయనే అనే అవకాశం ఇవ్వండి. అనకపోతే రెండోసారి అడగవచ్చు.

అత్తగారి మాట పూర్తిగా కొట్టేయకండి. పెళ్లి పందిట్లో ఈ గొడవ రాకూడదన్నది ఏ తల్లయినా అనేదే. మాఘం దాకా ఆగితే మీకు పెద్దగా పోయేదేమీ లేదు, తిరస్కరణ తేదీ నుంచి రెండేళ్లు దగ్గరపడకుంటే. దగ్గరపడితే మాత్రం ఆ సంగతి ఆమెకు నెమ్మదిగా చెప్పి, కుటుంబంలో చర్చ ఆపినా వకీలు నోటీసు ప్రమోటర్‌కు పంపించండి. నోటీసు వెళ్లేది వెంచర్ యజమానికి, ఆడపడుచు ఇంటికి కాదు. పెళ్లయ్యాక మాట్లాడతాం అన్నది ఒక తేదీతో చెప్పించుకోండి. లేకపోతే పెళ్లి తర్వాత శ్రీమంతం, ఆ తర్వాత బారసాల వస్తాయి.

మీ భర్తగారి గురించి ఒక మాట. కట్టేద్దాం అనే పట్టుదల వెనక స్థలం మీద మమకారం కంటే, బావ మాట విని మీ బంగారం అమ్మించానన్న బాధ ఎక్కువ ఉందేమో చూడండి. ఇల్లు లేచి నిలబడితే ఆ నిర్ణయం తప్పు కాదని తేలిపోతుందని ఆయన ఆశ కావచ్చు. అలా అయితే నిబంధనలు ఎన్ని చదివి వినిపించినా ఆయన చెవికెక్కవు. బంగారం సంగతి మనసులోంచి తీసేశానని మీరు నిజంగా అనుకున్న రోజున ఆయనకు ఆ మాట చెప్పండి. అప్పటిదాకా ఈ సమాధానం ప్రింటు తీసి ఆయన ముందు పెట్టకండి.

ఈ వారంలో చేయగలిగిన పని భూ వినియోగ ధ్రువపత్రానికి దరఖాస్తు ఒక్కటే. ఏజెంటుకు జవాబు చెప్పకుండా ఆగండి, బయానా మాత్రం ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. తీసుకుంటే ఆ రోజునుంచి మీరు అమ్మేవాళ్ల స్థానంలో ఉంటారు. ధ్రువపత్రంలో మీ ప్లాటు గీతకు ఇవతల, రెసిడెన్షియల్‌లో పడిందని వస్తే ఎల్ఆర్ఎస్ తిరస్కరణను పునఃపరిశీలించమని వెంటనే అర్జీ పెట్టి, ఆ రెండు కాగితాల కాపీలతో నాకు మళ్లీ రాయండి. అప్పుడు నేను పైన రాసినదాంట్లో సగం మారిపోతుంది.